తుపాకీ ఉన్నవాడికే కుర్చీ

లైబీరియా స్త్రీల కథ మన మహిళా సభల్లో ఇప్పటికి బాగా నలిగిన కథ. మార్చి 8 వచ్చిందంటే ఎవరో ఒకరు వేదిక మీద చెప్తారు. తెల్లబట్టలు వేసుకున్న తల్లులు రోడ్డు పక్కన కూర్చుని ప్రార్థనలు చేశారట, భర్తలకి దూరంగా పడుకున్నారట, దాంతో మగవాళ్ళ మనసులు కరిగి యుద్ధం ఆగిపోయిందట. వినేవాళ్ళు చప్పట్లు కొడతారు. స్త్రీ సహజంగా శాంతిస్వరూపిణి అన్న వాక్యం ఆ వెనకాలే వస్తుంది. 2008లో వచ్చిన 'ప్రే ద డెవిల్ బ్యాక్ టు హెల్' డాక్యుమెంటరీ, 2011లో లేమా బోవీకి వచ్చిన నోబెల్ శాంతి బహుమతి ఈ కథని మన దాకా తెచ్చాయి. సంతోషమే. కానీ ఇక్కడికి వచ్చేసరికి కథలోంచి రాజకీయం అంతా జారిపోయి, తల్లి, కన్నీళ్ళు, ప్రార్థన మాత్రం మిగిలాయి.

నా తగాదా ఆ స్త్రీలతో కాదు, వాళ్ళ మీద సినిమా తీసినవాళ్ళతోనూ కాదు. వాళ్ళని పొగుడుతూ వాళ్ళు అడిగినదాన్ని దాటవేసే మన అలవాటుతో. ఎందుకంటే సరిగ్గా ఇదే పని శాంతి చర్చల హాల్లో దౌత్యవేత్తలు కూడా చేశారు. "మీరు తల్లులు, మీ కన్నీళ్ళు మమ్మల్ని కదిలించాయి" అన్నారు. తర్వాత లోపలికెళ్ళి మంత్రిపదవులు తుపాకీలున్నవాళ్ళకి పంచారు.

ముందు యుద్ధం సంగతి. ఆఫ్రికాలో ఎక్కడ తుపాకీ పేలినా మన పత్రికలకి ఒకటే మాట దొరుకుతుంది, 'తెగల పోరు'. ఆ మాట రాసేశాక ఇంకేమీ తెలుసుకోనక్కర్లేదు. లైబీరియాలో 1847 నుంచి 1980 దాకా రాజ్యం చేసింది అమెరికా నుంచి తిరిగొచ్చిన నల్లజాతివాళ్ళ సంతతి, జనాభాలో గుప్పెడు మంది. 1926లో ఫైర్‌స్టోన్ కంపెనీకి రబ్బరు తోటల కోసం పది లక్షల ఎకరాల దాకా 99 ఏళ్ళకి కౌలుకిచ్చారు, ఎకరాకి ఏడాదికి ఆరు సెంట్ల చొప్పున. 1980లో శామ్యూల్ డో అనే సార్జెంట్ తిరుగుబాటు చేసి గద్దెనెక్కాడు. 1989 డిసెంబర్ 24న చార్లెస్ టేలర్ ముఠా ఐవరీ కోస్ట్ సరిహద్దు దాటి నింబా ప్రాంతంలోకి వచ్చింది. ఆ తర్వాత యుద్ధాన్ని నడిపినవి కలప, రబ్బరు, పక్కనున్న సియెర్రా లియోన్ వజ్రాలు. తెగల పేర్లు వాడుకోలేదని కాదు, బాగా వాడుకున్నారు. అయితే కలప దుంగలు ఓడలెక్కి ఏ తెగ దగ్గరికి వెళ్ళాయో కూడా అడగాలి కదా.

2003 కన్నా చాలా ముందే లైబీరియా స్త్రీలు రాజకీయ ప్రశ్న అడిగారు. 1994లో లైబీరియన్ విమెన్స్ ఇనీషియేటివ్ ఏర్పడింది. వాళ్ళ డిమాండు చాలా తేలికైన మాటల్లో ఉంది: ముందు ఆయుధాలు తీసుకోండి, తర్వాత ఎన్నికలు పెట్టండి. ఆ ఏడాది అక్రాలో చర్చలకి ఎవరూ పిలవకపోయినా వెళ్ళారు. వాళ్ళ మాట ఎవరు విన్నారు? 1997లో ఎన్నికలు పెట్టారు, టేలర్‌కి నాలుగింట మూడొంతుల ఓట్లు వచ్చాయి. అతను ఓడిపోతే మళ్ళీ యుద్ధం చేస్తాడన్న భయంతో వేసిన ఓట్లు అందులో ఎన్నో. రెండేళ్ళు తిరక్కుండానే రెండో యుద్ధం మొదలైంది. అంటే ఆ స్త్రీలు చెప్పింది అక్షరాలా జరిగింది. వాళ్ళని 'ముందుచూపున్న రాజకీయ విశ్లేషకులు' అని ఎవరూ అనలేదు. తల్లులన్నారు.

2003 ఏప్రిల్‌లో మన్రోవియా చేపల మార్కెట్ దగ్గర మైదానంలో తెల్లటీషర్టులతో కూర్చున్నది ఎవరు? క్రైస్తవులు, ముస్లింలు కలిసి కూర్చున్నారు. ఇది దానంతటదే జరగలేదు. చర్చిల్లో, మసీదుల్లో, మార్కెట్లలో నెలల తరబడి తిరిగి పోగుచేశారు. ముస్లిం స్త్రీలని కూడగట్టిన అసాటు బా కెన్నెత్ పోలీసు అధికారి. మైదానాన్ని కూడా ఏరుకునే పట్టారు, అధ్యక్షుడి కార్లు రోజూ వెళ్ళే దారి అది. ఏప్రిల్ 23న టేలర్ వాళ్ళని పిలిచి విన్నాడు, చర్చలకి వెళ్ళడానికి ఒప్పుకున్నాడు. ఇక అందరూ నవ్వుతూ చెప్పుకునే ఆ 'పడక సమ్మె' గురించి బోవీ తన ఆత్మకథలో తనే రాసింది, ఆచరణలో దాని వల్ల ఒరిగింది తక్కువే, పత్రికల వాళ్ళు చూడ్డానికి మాత్రం బాగా పనికొచ్చిందని. మన సభల్లో మాత్రం ఇప్పటికీ అదే అసలు కథ. స్త్రీలు చేసిన రాజకీయ పనిలో మనకి బాగా గుర్తుండేది వాళ్ళ శరీరాలకి సంబంధించిన భాగమే!

జూన్ 4న ఘనాలో చర్చలు మొదలయ్యాయి. అదే రోజు సియెర్రా లియోన్ ప్రత్యేక న్యాయస్థానం టేలర్ మీద నేరారోపణ బయటపెట్టింది, అతను విమానమెక్కి వెనక్కి వెళ్ళిపోయాడు. చర్చలు నెలల తరబడి సాగాయి. ముఠా నాయకులు హోటళ్ళలో ఉంటూ ఏ శాఖ ఎవరికన్నది బేరమాడుతుంటే మన్రోవియా మీద మోర్టార్లు పడుతున్నాయి. జూలై 21న స్త్రీలు హాలు గుమ్మానికి అడ్డంగా చేతులు పెనవేసుకుని కూర్చున్నారు. వాళ్ళలో అక్రా దగ్గరి బుడుబురం శరణార్థి శిబిరం నుంచి వచ్చినవాళ్ళున్నారు. అరెస్టు చెయ్యడానికి వస్తే బట్టలు విప్పేస్తానని బోవీ బెదిరించింది. తల్లి వయసు ఆడది కావాలని బట్టలు విప్పితే చూసినవాళ్ళకి శాపం తగులుతుందని పశ్చిమ ఆఫ్రికాలో చాలాచోట్ల నమ్మకం. దాన్ని ఆయుధంగా వాడింది. మధ్యవర్తి, నైజీరియా మాజీ సైనిక పాలకుడు అబ్దుల్‌సలామీ అబూబకర్ బయటికొచ్చి వాళ్ళతో మాట్లాడాల్సొచ్చింది. ఆగస్టు 11న టేలర్ దిగిపోయి నైజీరియాకి వెళ్ళాడు. 18న ఒప్పందం మీద సంతకాలయ్యాయి.

ఆ ఒప్పందంలో ఏముందో మన సభల్లో ఎవరైనా చెప్పారా? 21 మంత్రిపదవులు. అందులో టేలర్ ప్రభుత్వ వర్గానికి 5, లర్డ్ అనే సాయుధ ముఠాకి 5, మోడల్ అనే ఇంకో ముఠాకి 5. మిగిలిన 6 రాజకీయ పార్టీలకీ పౌర సంఘాలకీ కలిపి. తాత్కాలిక శాసనసభలో 76 సీట్లుంటే ఆ మూడు సాయుధ పక్షాలకీ తలా 12. దేశంలోని జిల్లాలన్నిటికీ కలిపి 15. పౌర సంఘాలకి 7, స్త్రీల సంఘాలు వచ్చేది ఆ ఏడులోనే, అది కూడా మిగతా సంఘాలతో పంచుకుని. ఊళ్ళు తగలబెట్టినవాళ్ళకి మూడు వంతుల్లో రెండు వంతులకి పైగా మంత్రివర్గం, యుద్ధాన్ని ఆపమని ఎండలో వానలో కూర్చున్నవాళ్ళకి సాక్షి సంతకం. మనో నదీ దేశాల స్త్రీల శాంతి సంఘం వాళ్ళు ఒప్పందం మీద సాక్షులుగా సంతకం పెట్టారు. మన పెళ్ళిళ్ళలో, భూమి దస్తావేజుల్లో సాక్షి సంతకం విలువెంతో మనకి తెలుసు. ఆస్తి ఎవరిదో నిర్ణయించేది ఆ సంతకం కాదు.

ఇక్కడ న్యాయమైన అభ్యంతరం ఒకటుంది. మోర్టార్లు వేస్తున్నది వాళ్ళే కాబట్టి ఆపగలిగింది కూడా వాళ్ళే, వాళ్ళకి ఏదో ఒకటి ఇవ్వకపోతే సంతకం పెట్టరు, రేపు చనిపోయేవాళ్ళని కాపాడ్డం ముందు, న్యాయం తర్వాత అంటారు. ఇలా అనేవాళ్ళందరూ దుర్మార్గులు కారు, మన్రోవియాలో శవాలు పోగుపడుతున్నప్పుడు ఆ మాట అనడం తేలిక కూడా కాదు. కానీ సాయుధ ముఠాతో మాట్లాడ్డం వేరు, రాజ్యాన్ని దానికి రాసిచ్చెయ్యడం వేరు. పక్క దేశంలో ఆ రెండోది అప్పటికే చేసి చూశారు. 1999 జూలైలో లోమేలో జరిగిన ఒప్పందంలో సియెర్రా లియోన్ ఆర్‌యూఎఫ్ నాయకుడు ఫోడే శాంకోకి క్షమాభిక్ష పెట్టారు, ఉపాధ్యక్షుడి హోదా ఇచ్చారు, దేశంలోని ఖనిజ వనరుల కమిషన్‌కి అధ్యక్షుణ్ణి చేశారు. అంటే వజ్రాల కోసం జనం చేతులు నరికించినవాడికి వజ్రాల గని తాళాలే ఇచ్చారు. పది నెలలకి, 2000 మేలో, అతని మనుషులు ఐక్యరాజ్యసమితి సైనికులని 500 మంది దాకా బందీలుగా పట్టుకున్నారు. కైలాహున్‌లో చిక్కుకుపోయిన వాళ్ళలో మన భారతీయ సైనికులున్నారు, జూలైలో 'ఆపరేషన్ ఖుక్రీ' చేసి వాళ్ళని బయటికి తేవాల్సొచ్చింది. తుపాకీకి కుర్చీ ఇస్తే తుపాకీ ఊరుకుంటుందన్న లెక్క అక్కడే తప్పింది.

లైబీరియాలో 2003 తర్వాత యుద్ధం మళ్ళీ రాలేదు నిజమే. ఆ ఖ్యాతి ముఠాలకి పంచిన మంత్రిపదవులకి ఇవ్వాలా? పదిహేను వేల మంది ఐక్యరాజ్యసమితి సైనికులు దిగారు, 2018 మార్చి దాకా ఆ బలగం ఉంది. ఆయుధాల అప్పగింతకీ 2005 ఎన్నికల్లో ఓటరు నమోదుకీ ఊరూరా తిరిగినవాళ్ళు ఆ మైదానంలో కూర్చున్న స్త్రీలే.

కుర్చీల పంపకం అయ్యాక నిరాయుధీకరణ వస్తుంది. ఇక్కడ కూడా కొలబద్ద తుపాకీయే. సియెర్రా లియోన్‌లో 1998 నుంచి 2002 దాకా 72 వేలమందికి పైగా ఆయుధాలు దించి పునరావాస పథకంలో చేరారు. వాళ్ళలో స్త్రీలు ఐదువేలలోపే. ఏడువేలకి దగ్గరగా ఉన్న బాలసైనికుల్లో ఆడపిల్లలు సుమారు 500. అంటే ఆర్‌యూఎఫ్‌లో ఆడపిల్లలు లేరనా? పథకంలో చేరాలంటే ఆయుధం తేవాలి, చాలాచోట్ల ఏకే-47ని విప్పి మళ్ళీ బిగించి చూపించాలి. చాలామంది అమ్మాయిల తుపాకీలని శిబిరానికి వెళ్ళేముందు కమాండర్లే లాక్కుని తమకి కావలసిన మగవాళ్ళకి ఇచ్చారు. ఇక తుపాకీ పట్టని అమ్మాయిలు ఏం చేశారు? బియ్యం మోశారు, మందుగుండు పెట్టెలు మోశారు, వండి పెట్టారు, గాయాలు కట్టారు, రాత్రిళ్ళు కమాండర్ గుడిసెలోకి ఈడ్చుకెళ్తే వెళ్ళారు. 'బుష్ వైఫ్' అన్నారు వాళ్ళని, అడవి పెళ్ళాం. పథకం కాగితాల్లో 'ఆధారపడినవాళ్ళు', 'శిబిరాన్ని అనుసరించినవాళ్ళు'. వంటమనిషి, కూలి, నర్సు లేకుండా ఏ సైన్యమైనా వారం రోజులు నడుస్తుందా? ఇంట్లో వంట పని కాదన్న తర్కమే అడవిలోకి కూడా వెళ్ళింది. మనం ఇక్కడ ఎన్నేళ్ళుగానో వాదిస్తున్న ఇంటిచాకిరీ ప్రశ్న ఒక దేశంలో పునరావాసం డబ్బు ఎవరికి రావాలన్న ప్రశ్నగా తేలింది.

'అడవి పెళ్ళాం' అన్నది పెళ్ళీ కాదు, అత్యాచారం ఒక్కటే కూడా కాదు, దానికది ఒక నేరం అని చెప్పడానికి 2008 ఫిబ్రవరి దాకా పట్టింది. సియెర్రా లియోన్ ప్రత్యేక న్యాయస్థానం అప్పీలు బెంచి బలవంతపు వివాహాన్ని మానవాళిపై నేరంగా అప్పుడు గుర్తించింది. అంతకుముందు ఏడాది కింది బెంచి దీన్ని లైంగిక బానిసత్వంలో కలిపేసి పక్కన పెట్టింది. ఆ రెండు తీర్పుల మధ్య తేడా అర్థం చేసుకోవడానికి న్యాయశాస్త్రం అక్కర్లేదు. పేరు తగిలించి, పిల్లల్ని కనిపించి, యుద్ధమయ్యాక ఊరికెళ్తే 'ఫలానా రెబెల్ పెళ్ళాం' అని వెలి వేయించుకునేలా చేసిన నేరం అది.

లైబీరియాలో ఇది కొంత మెరుగుపడింది, చెప్పాలి. 'పోరాట దళాలతో సంబంధం ఉన్న స్త్రీలు' అన్న వర్గం పెట్టి ఆయుధం లేకపోయినా చేర్చుకున్నారు. 2003 డిసెంబర్ 7న షీఫెలిన్ శిబిరంలో హడావుడిగా మొదలుపెట్టి, అల్లర్లు జరిగి ఆపేసి, మళ్ళీ 2004 ఏప్రిల్‌లో మొదలుపెట్టారు. మొదట 38 వేలమంది వస్తారని అంచనా, చివరికి లెక్క 1,03,000కి చేరింది. అప్పగించిన తుపాకీలు మాత్రం సుమారు 28 వేలు. మనిషికి 300 డాలర్లన్నప్పుడు ఎవరు ఎవరి పేరున వచ్చారో ఊహించుకోవచ్చు. అయినా 22 వేలమందికి పైగా స్త్రీలు నమోదయ్యారంటే ఆ ఒక్క నియమం మార్చడం వల్ల ఎంత తేడా వచ్చిందో చూడండి. తర్వాత వాళ్ళలో ఎక్కువమందికి ఏం నేర్పారు? కుట్టుపని, సబ్బుల తయారీ, జుట్టు అల్లడం, బట్టలకి అద్దకం. దళాన్ని నడిపిన ఆడదానికి కూడా కుట్టుమిషనే. లర్డ్‌లో స్త్రీల దళానికి నాయకత్వం వహించిన ఒక యువతి 'బ్లాక్ డైమండ్' పేరుతో 2003లో ప్రపంచ పత్రికలన్నిటికీ ఎక్కింది. టేలర్ సైనికుల అత్యాచారానికి గురై, తల్లిదండ్రులని పోగొట్టుకుని తుపాకీ పట్టానని చెప్పింది. ఆమె వేషధారణ మీద పెట్టినంత చూపు ఆమెకి రేపు ఏ పదవి, ఏ ఉద్యోగం అన్నదాని మీద ఎవరూ పెట్టలేదు.

శాంతిస్వరూపిణి అన్న మాట చేసే అసలు హాని ఇదే. స్త్రీ సహజంగా శాంతమూర్తి అయితే తుపాకీ పట్టిన స్త్రీ స్త్రీయే కాదు, ఆమెకి పునరావాసం అక్కర్లేదు. తుపాకీ పట్టని స్త్రీ శాంతిని ఎలాగూ పుట్టుకతోనే తెచ్చుకుంది కాబట్టి ఆమెకి కుర్చీ అక్కర్లేదు. ఎటు తిప్పినా లెక్క మగవాడికే సరిపోతుంది.

నా పరిశోధన యుద్ధ నవలల మీద కాబట్టి ఒక పక్కదారి. నైజీరియా రచయిత్రి బుచి ఎమెచెటా 1982లో బయాఫ్రా యుద్ధం మీద 'డెస్టినేషన్ బయాఫ్రా' రాసింది. అందులో డెబీ అనే యువతి ఇంగ్లండ్‌లో చదువుకుని వచ్చి సైన్యంలో చేరుతుంది. ఆమెని పోరాడ్డానికి కాదు, తిరుగుబాటు నాయకుడి మనసు మార్చడానికి శాంతిదూతగా పంపుతారు. ఆడదాని మాట వింటాడని. దారిలో ఆమె మీద అత్యాచారం చేసేది తనని పంపిన ప్రభుత్వపు సైనికులే. 1325వ తీర్మానానికి పద్దెనిమిదేళ్ళ ముందు రాసిన నవల ఇది. స్త్రీకి శాంతి పని అప్పగించి అధికారం అప్పగించకపోతే ఏమవుతుందో ఎమెచెటాకి ఏ తీర్మానమూ చెప్పనక్కర్లేకపోయింది.

ఆ తీర్మానం సంగతి కూడా. 2000 అక్టోబర్ 31న భద్రతామండలి 1325ని ఆమోదించినప్పుడు అధ్యక్షస్థానంలో ఉన్నది నమీబియా. అదే ఏడాది మేలో విండ్‌హోక్‌లో చేసిన ప్రకటన దానికి పునాది. ఆఫ్రికా నేల మీద రాసిన ఆలోచన అన్నమాట, ఎవరో ఐరోపావాళ్ళు వచ్చి నేర్పింది కాదు. కానీ 1992 నుంచి 2019 దాకా ప్రపంచంలోని ప్రధాన శాంతి చర్చల్లో చర్చలు జరిపినవాళ్ళలో స్త్రీలు 13 శాతం, మధ్యవర్తుల్లో 6 శాతం, సంతకాలు పెట్టినవాళ్ళలో 6 శాతం. ఐక్యరాజ్యసమితి సొంత లెక్కే ఇది.

మనకి గర్వపడే విషయం ఒకటుందని గుర్తుచేసేవాళ్ళుంటారు. 2007 జనవరిలో మన సీఆర్‌పీఎఫ్ మహిళల దళం లైబీరియా వెళ్ళింది, ప్రపంచంలో అలాంటి మొదటి దళం అది, 2016 దాకా అక్కడుంది. ఆ తొమ్మిదేళ్ళలో లైబీరియా భద్రతా బలగాల్లో స్త్రీలు 6 శాతం నుంచి 17 శాతానికి పెరిగారని ఐక్యరాజ్యసమితి చెప్పింది. కాదనను. యూనిఫాం ఎవరు వేసుకున్నారన్నది అక్కడి ఆడవాళ్ళకి చిన్న విషయం కాదు, 2002లోనే లైబీరియా, గినీ, సియెర్రా లియోన్ శిబిరాల్లో సహాయక సంస్థల మగవాళ్ళు తిండి గింజలకి బదులుగా ఆడపిల్లల శరీరాలు అడుగుతున్నారని నివేదిక బయటపడింది. (ఇదే సీఆర్‌పీఎఫ్ పేరు బస్తర్‌లో ఆడవాళ్ళకి ఎలా వినిపిస్తుందన్నది ఇంకో వ్యాసం.) అయితే రక్షణకి స్త్రీలని పంపడానికి ఒప్పుకున్న లోకం చర్చలకి స్త్రీలని కూర్చోబెట్టడానికి ఎందుకు జంకుతోంది?

న్యాయం మాటా అంతే. 2005లో ఎలెన్ జాన్సన్ సర్లీఫ్ అధ్యక్షురాలిగా గెలిచింది. ఆమె హయాంలో అత్యాచార కేసులకి ప్రత్యేక కోర్టు వచ్చింది, మంచిదే. యుద్ధనేరాల కోర్టు మాత్రం రాలేదు. 2009లో సత్యశోధన కమిషన్ దాన్ని సిఫారసు చేసింది, మొదట్లో టేలర్‌కి మద్దతిచ్చినందుకు ఆమె పేరు కూడా పదవులకి అనర్హుల జాబితాలో పెట్టింది. స్త్రీ గద్దెనెక్కితే చాలు అనుకునేవాళ్ళు ఈ పేజీ చదవాలి. టేలర్‌కి 2012లో 50 ఏళ్ళ శిక్ష పడింది, అదీ సియెర్రా లియోన్‌లో చేయించిన నేరాలకి. లైబీరియాలో చేసినదానికి ఒక్క రోజు కూడా పడలేదు. డోని చిత్రహింసలు పెట్టించి వీడియో తీయించిన ప్రిన్స్ జాన్సన్ సెనేటర్‌గా ఉంటూనే 2024 నవంబర్‌లో చనిపోయాడు. యుద్ధనేరాల కోర్టు కోసం కార్యాలయం పెట్టమని ఉత్తర్వు మీద సంతకమైంది ఆ ఏడాది మేలో.

ఇదంతా పాత కథ అనుకుంటే సూడాన్ చూడండి. 2019 ఏప్రిల్‌లో కారు మీద నిలబడి చెయ్యి పైకెత్తిన తెల్లబట్టల యువతి ఫోటో అందరూ చూశారు. అలా సలా ఆమె పేరు. 'కందకా' అన్నారు, పాత నూబియా రాణుల బిరుదు. ఆ ఆగస్టులో ఏర్పడిన 11 మంది సార్వభౌమ మండలిలో స్త్రీలు ఇద్దరు. ఉపాధ్యక్షస్థానం డార్ఫూర్‌లో జంజవీద్ ముఠాలు నడిపిన హెమెడ్తీకి. అక్టోబర్‌లో అలా సలా భద్రతామండలి ముందుకెళ్ళి, మేము చేసిన విప్లవంలో మాకే చోటు లేదని చెప్పింది. విన్నారు. 2020లో జూబా ఒప్పందం జరిగింది, సాయుధ ముఠాల నాయకుల్లో ఒకరు ఆర్థికమంత్రి, ఇంకొకరు డార్ఫూర్ గవర్నర్ అయ్యారు. 2021లో సైనిక కుట్ర. 2023 ఏప్రిల్ 15న కుర్చీలున్న ఇద్దరు సేనాధిపతులు ఒకరి మీద ఒకరు యుద్ధం మొదలుపెట్టారు. కోటిమందికి పైగా ఇళ్ళు వదిలారు. 2025 అక్టోబర్‌లో, ఏడాదిన్నర ముట్టడి తర్వాత, ఎల్ ఫాషర్ హెమెడ్తీ సేనల చేతిలో పడింది. హత్యలు, అత్యాచారాలు.

జెడ్డాలో 2023 మేలో చర్చలు మొదలైనప్పుడు బల్ల దగ్గర ఆ ఇద్దరి మనుషులే ఉన్నారు. ఖార్టూమ్‌లో, డార్ఫూర్‌లో అప్పటికే ఆడవాళ్ళు ఇరుగుపొరుగుతో కలిసి సామూహిక వంటశాలలు నడుపుతున్నారు, అత్యాచార బాధితులకి మందులు వెతుకుతున్నారు. అంటే ప్రభుత్వం చెయ్యాల్సిన పని చేస్తున్నారు. 2024 ఆగస్టులో జెనీవాలో మళ్ళీ చర్చలన్నారు. సైన్యం రాలేదు, దానికోసం కుర్చీ ఖాళీగా ఉంచారు. సూడాన్ స్త్రీలు వచ్చారు. వాళ్ళని 'సంప్రదించారు'.